ఒంపుకీ లావుకీ మధ్య గీత ఎవరు గీస్తారు?

2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీల కోసం హైదరాబాదు వచ్చిన అమ్మాయిల్లో కొందరిని పాలంపేట తీసుకెళ్ళి రామప్ప గుడి చూపించారు. అక్కడ అతిథుల కాళ్ళు కడిగించిన తీరు మీద పెద్ద రభస జరిగి, టీవీ చర్చలన్నీ అటే కొట్టుకుపోయాయి. ఆ సందడిలో అంతకన్నా ఆసక్తికరమైన సంగతి మరుగున పడింది. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడి చూరు కింద నల్లరాతిలో చెక్కిన మదనికలు ఉన్నారు. పొడుగాటి కాళ్ళు, పిడికిట్లో పట్టేంత నడుము, కాస్త ఒరిగి నిలబడ్డ తీరు. కింద అంతర్జాతీయ పోటీకి ఎంపికైన శరీరాలు, పైన కాకతీయుల కాలపు శిల్పికి నచ్చిన శరీరాలు. పక్కపక్కన పెట్టి చూస్తే తేడా మనం అనుకునేంత లేదు.

ఇది చాలామందికి మింగుడుపడదు. పూర్వం బొద్దుగా ఉంటేనే అందమనీ, ఈ సన్నదనం పిచ్చి పాశ్చాత్యులు అంటించిందనీ మన ఇళ్ళలోనూ పత్రికల్లోనూ అరిగిపోయేదాకా వింటూ ఉంటాం. సగం నిజమే. పాట్నాలో ఉన్న దీదార్‌గంజ్ యక్షి అనే ప్రాచీన శిల్పాన్ని చూస్తే బరువైన తుంటి, పొట్ట దగ్గర చిన్న మడత, మొత్తం మీద నిండైన విగ్రహం. కానీ అమరావతి బౌద్ధ స్తూపం ఫలకాల మీద కనిపించే స్త్రీలు సన్నగా, సాగదీసినట్టు ఉంటారు. రెండూ ప్రాచీనమే, రెండూ మనవే. పూర్వం అనేది ఒకే కాలమూ కాదు, ఒకే అభిరుచీ కాదు.

కావ్యాల దగ్గరికి వస్తే చిక్కు ఇంకాస్త ముదురుతుంది. నాయికకు నడుము ఉందో లేదో చూసేవాళ్ళకు అనుమానం. ఆకాశమంత శూన్యం అంటాడు కవి. అదే నాయికకు తుంటి బరువు వల్ల నడక మందగిస్తుంది, తొడలు అరటి బోదెలు. ఇవన్నీ ఒకే మనిషిలో కలిసి ఉండటం ప్రకృతిలో బహు అరుదు. అంటే ఆ వర్ణనల్లో మెచ్చుకున్నది లావునూ కాదు, సన్నదనాన్నీ కాదు. ఒకచోట నిండుదనం, దాన్ని ఆనుకునే లేమి. నా మటుకు నాకు ఈ మొత్తం వ్యవహారానికి తాళంచెవి అక్కడే దొరికింది. ఒంపుసొంపుల్ని పొగిడిన కాలాలు కొవ్వును పొగడలేదు. అది ఎక్కడ ఉండవచ్చో, ఎక్కడ ఉండకూడదో తేల్చి చెప్పాయి, అంతే. మారుతూ వచ్చినవి ఆ చోట్లు. వాటితో పాటు ఆ తీర్పు చెప్పేవాళ్ళూ మారారు.

ఒక్క ఉదాహరణ చాలు. పొట్ట మీద నాభికి పైన పడే మూడు మడతలను త్రివళి అని కవులు ఎంత మురిపెంగా వర్ణించారో సంస్కృతాంధ్రాలు చదివినవారికి తెలుసు. మన్మథుడు ఎక్కడానికి కట్టిన మెట్లన్నారు, అలలన్నారు. ఇవాళ చీర కట్టుకుని అద్దం ముందు నిలబడ్డ మనిషి మొట్టమొదట ఊపిరి బిగబట్టి దాచుకునేది సరిగ్గా ఆ మడతలనే. ఫోనులో ఫొటోలు దిద్దే ఆప్‌లు ముందుగా చెరిపేసేవీ అవే.

మరి ఆ చోట్లు ఎందుకు మారతాయి? అందరూ చెప్పే జవాబు ఒకటుంది. తిండికి కరువున్న చోట ఒళ్ళు సంపదకు గుర్తు, తిండి పుష్కలంగా ఉన్న చోట సన్నదనమే హోదా. మన నేల మీద దీనికి సాక్ష్యాలు బోలెడు. 1832–33లో గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చిపెట్టిన నందన కరువు, 1876–78 నాటి ధాత కరువు చూసిన సమాజంలో ఎముకలు తేలిన ఒళ్ళు అందం ఎలా అవుతుంది? సెలవులకు ఇంటికి వచ్చిన పిల్లను చూడగానే అమ్మమ్మ “చిక్కిపోయావేమిటే” అనడం, అత్తారింటికి వెళ్ళిన అమ్మాయి కాస్త ఒళ్ళు చేస్తే “ఆ ఊరి నీళ్ళు వంటబట్టాయి” అని సంతోషించడం ఆ జ్ఞాపకంలోంచి వచ్చినవే. బొద్దుగా ఉన్న పిల్లవాడికి దిష్టి తీస్తారు గానీ బక్కపలచని పిల్లవాడికి తీయాలని ఎవరికీ తోచదు. పోగొట్టుకోవడానికి ఏమైనా ఉన్న చోటే దిష్టి భయం.

బ్రిటన్‌లో విరేన్ స్వామి, మార్టిన్ టోవీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక సరదా పరిశోధన ప్రచురించారు. విశ్వవిద్యాలయం భోజనశాలలోకి వెళ్తున్న మగవాళ్ళకూ, తిని బయటికి వస్తున్న మగవాళ్ళకూ ఆడవాళ్ళ ఫొటోలు చూపించి ఎవరు అందంగా ఉన్నారని అడిగారు. ఆకలితో ఉన్నవాళ్ళు కాస్త బరువైన శరీరాల వైపు మొగ్గారు. భోజనానికి ముందూ వెనకా అభిరుచే మారుతుంటే ఇక కరువు తరాల సంగతి చెప్పాలా.

తెలుగు నేల మీద ఈ లెక్క ఎప్పుడు తిరగబడిందో తేదీ వేసి చెప్పలేం. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో పొలం పని తగ్గింది, కూర్చుని చేసే పని పెరిగింది, బాగా పాలిష్ పట్టిన బియ్యం కూలివాడి కంచంలోకీ వచ్చింది. ఒకప్పుడు బొర్ర అంటే భూస్వామి. ఇప్పుడది ఎవరికైనా ఉండవచ్చు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం మంది స్త్రీలు, తెలంగాణలో 30 శాతం మంది ఉండవలసిన దానికన్నా ఎక్కువ బరువున్నవారు. ఎత్తుకు తగ్గ బరువు లేనివారు కూడా రెండు రాష్ట్రాల్లోనూ ఇంకా గణనీయంగానే ఉన్నారు. ఎవరికైనా రాగలిగినది హోదాకు గుర్తుగా ఎంతో కాలం నిలవదు. ఒళ్ళు ఆ పదవి దిగిపోయింది. జిమ్ము రుసుము, డైటీషియన్ సలహా, వంటకు మనిషి, పొద్దున్నే నడకకు తీరిక, ఇవన్నీ కలిస్తే గాని రాని సన్నదనం ఆ పీట మీద కూర్చుంది.

ఇంతవరకు కథ చక్కగా కుదిరింది. కుదరని ముక్క ఫిజీ దీవుల్లో ఉంది. అక్కడ పుష్టిగా ఉండటాన్ని మెచ్చుకునే సంస్కృతి ఉండేది. చిక్కిపోతే ఇంట్లో సరిగా చూసుకోవడం లేదని చుట్టాలకు అవమానం. నద్రోగా అనే ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. మానవశాస్త్రం చదివిన వైద్యురాలు ఆన్ బెకర్ అప్పుడు ఒకసారి, మూడేళ్ళ తర్వాత మరోసారి అక్కడి బడిపిల్లలను పరిశీలించారు. బరువు తగ్గడానికి బలవంతంగా వాంతి చేసుకునేవాళ్ళు మొదటిసారి ఒక్కరూ లేరు. 1998లో అదే వయసు అమ్మాయిల్లో 11.3 శాతం మంది ఆ పని చేస్తున్నామని చెప్పారు. మూడేళ్ళలో పంటలు మారవు, ఆదాయాలు తలకిందులవవు. చూసే బొమ్మ మారింది. కడుపు నిండటానికీ అభిరుచికీ ఉన్న లంకె నిజమే గానీ, దాన్ని తెంపడానికి ఒక టీవీ టవరు సరిపోయింది.

మౌరిటానియా కథ వేరు. అక్కడ కొన్ని వర్గాల్లో పెళ్ళికి ముందు ఆడపిల్లలకు పాలూ జావా బలవంతంగా తాగించి ఒళ్ళు చేయించే ఆచారం ఉండేది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అక్కడ లావునే సూటిగా మెచ్చుకున్నారు, చోట్ల పట్టింపు తక్కువ. నా వాదానికి అది మినహాయింపు. కానీ ఆ పిల్లల వాంతులూ ఏడుపులూ తలుచుకుంటే, లావును గౌరవించే సంస్కృతి ఆడవాళ్ళ పట్ల దయగా ఉంటుందన్న భ్రమ మాత్రం ఎగిరిపోతుంది.

ఇక బట్టల సంగతి. చర్చల్లో దీనికి దక్కే చోటు తక్కువ, నాకు మాత్రం ఇదే అసలు మలుపు అనిపిస్తుంది.

చీరకు సైజు లేదు. అయిదున్నర మీటర్ల గుడ్డ పదహారేళ్ళ పిల్ల చుట్టూ, నలుగురు పిల్లల తల్లి చుట్టూ ఒకేలా తిరుగుతుంది. కుచ్చిళ్ళు రెండు ఎక్కువో తక్కువో అవుతాయి, అంతే. ఒంటి కొలత అవసరమయ్యేది జాకెట్టుకే. దానికీ చాలా ఇళ్ళలో టేపు పట్టరు, ఆది జాకెట్టు ఇచ్చి వస్తారు. బాగా వాడిన ఒక ఆది జాకెట్టును లోపలికి తిప్పి చూడండి. పక్క కుట్ల దగ్గర దర్జీ వదిలిన అదనపు గుడ్డ అంగుళం దాకా ఉంటుంది. అందులో రెండు మూడు వరసల కుట్లు సమాంతరంగా కనిపిస్తాయి. లోపలి వరస పెళ్ళినాటిది కావచ్చు, తర్వాతిది కాన్పు తర్వాతది. విప్పేసిన వరస చోట సూది కన్నాలు చుక్కల గీతలా మిగిలి ఉంటాయి. మడత విప్పిన మేర గుడ్డ రంగు ముదురుగా, కొత్తగా ఉంటుంది. ఎండా ఉతుకూ తగలని భాగం కదా. ఒళ్ళు పెరుగుతుందని, మళ్ళీ తగ్గినా తగ్గవచ్చని ఆ బట్టకు ముందే తెలుసు. దర్జీ “రెండు కుట్లు విప్పానమ్మా” అంటాడు గాని, “మీరు పెద్ద సైజుకు మారారు” అనడు.

రెడీమేడ్ బట్ట దీన్ని తలకిందులు చేసింది. అక్కడ బట్ట ముందు తయారవుతుంది, ఒళ్ళు దానికి సరిపోవాలి. సరిపోకపోతే తప్పు ఒంటిది. కుర్తా మెడ వెనక కుట్టిన చిన్న చీటీ మీది అక్షరం మనిషికి బిరుదు అయిపోతుంది.

ఆ అక్షరాల వెనక ఎంత శాస్త్రం ఉందో చూద్దాం. 1939–40లో అమెరికా వ్యవసాయ శాఖ తరఫున రూత్ ఓబ్రియన్, విలియం షెల్టన్ దాదాపు 15 వేల మంది స్త్రీలను ఒక్కొక్కరికి 59 చోట్ల కొలిచారు. కొలిపించుకున్నందుకు కాస్త డబ్బు ఇస్తామన్నారు గనక, అవసరం ఉన్నవాళ్ళే ఎక్కువగా వచ్చారు. తెల్లజాతివారు కానివాళ్ళ కొలతలను చివరి లెక్కలోంచి తీసేశారు. ఆ పునాది మీద 1958లో ప్రమాణాలు ప్రకటించారు. అప్పటి 8వ నంబరు గౌనుకు నడుము ఇరవై మూడున్నర అంగుళాలు. 2008 నాటి ప్రమాణాల్లో అదే 8వ నంబరు అయిదారు అంగుళాలు పెరిగింది. అమెరికా ఆడవాళ్ళు లావయ్యారు గనక మాత్రమే కాదు. చిన్న నంబరు చూస్తే కొనేవాళ్ళు సంతోషిస్తారని కంపెనీలు కనిపెట్టాయి గనక. మార్లిన్ మన్రో 16వ నంబరు బట్టలు వేసేదని, కాబట్టి ఈనాటి లెక్కలో లావుపాటి మనిషేనని చెప్పుకునే కథ ఈ గందరగోళంలో పుట్టిందే. వేలానికి వచ్చిన ఆమె దుస్తులను చూసినవారికి ఆ నడుము ఎంత సన్నమో తెలుసు.

మన దగ్గర చాలాకాలం అమెరికా, బ్రిటన్ సైజులనే అటూ ఇటూ సవరించి వాడారు. భుజాలు సరిపోతే ఛాతీ బిగుతు, ఛాతీ సరిపోతే భుజాలు జారుడు అని విసుక్కునే కొనుగోలుదారుకు ఒంట్లో లోపమేమీ లేదు, చీటీ ఎవరి ఒంటిని చూసి రాసిందో అదే తేడా. జాతీయ ఫ్యాషన్ సాంకేతిక సంస్థ ‘ఇండియా సైజ్’ పేరుతో దేశీయ కొలతల సర్వేను తలపెట్టింది. 25 వేల మందిని శరీరమంతా స్కాన్ చేసే యంత్రాలతో కొలవాలని ఎంచుకున్న ఆరు నగరాల్లో హైదరాబాదు ఒకటి.

దుకాణాల్లో ఇంకొక మాయ ఉంది. జీన్స్ ప్యాంట్ల మీద ‘కర్వీ ఫిట్’ అని ఉంటే నడుముకూ తుంటికీ తేడా ఎక్కువగా ఉన్న ఒంటికి కుట్టినదని అర్థం. పీలగా ఉన్న అమ్మాయికి కూడా అది సరిపోవచ్చు. అదే సైట్‌లో బట్టల విభాగం పేరుగా ‘కర్వ్’ అని ఉంటే, డబుల్ ఎక్స్‌ఎల్ నుంచి పైకి అని అర్థం. మొదటిది ఆకారం గురించి, రెండోది పరిమాణం గురించి. ఈ రెంటినీ ఉద్దేశపూర్వకంగానే కలిపేస్తారని నా అనుమానం. లావుగా ఉన్న మనిషిని నొప్పించకుండా అమ్మాలి, అదే సమయంలో ఇసుక గడియారం లాంటి ఆకారాన్ని ఆశ చూపాలి. ఆ ఆకారం ఎంతమందికి ఉంటుంది? అమెరికాలో ఆరు వేల మందికి పైగా స్త్రీల స్కాన్లను నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయం వారు వర్గీకరించి చూస్తే, వందలో ఎనిమిది మందికి ఉంది. నడుమూ తుంటీ ఛాతీ దాదాపు ఒకే వెడల్పున్న నిలువుపాటి ఆకారమే వందలో 46 మందికి.

సినిమా మాట ఎత్తకుండా తెలుగులో ఈ విషయం ముగియదు. 1950ల తారలంటే అందరికీ సావిత్రి గుర్తొస్తారు, ఆ వెంటనే నిండైన విగ్రహం గుర్తొస్తుంది. కానీ అదే తెర మీద సన్నగా పొడుగ్గా ఉన్న కృష్ణకుమారి కూడా కథానాయికే. ప్రేక్షకులు ఇద్దరినీ ఒప్పుకున్నారు. ‘మాయాబజార్’లో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి అడుగులు వేసే సన్నివేశాలు చూడండి. ఆ నడకలో బరువుంది, ఆ బరువే నవ్వు పుట్టించే పనిముట్టు, అయినా ఆమె అందగత్తె కాకుండా పోలేదు. ఒళ్ళు నటనకు పెట్టుబడిగా పనికొచ్చిన అలాంటి చోటు తర్వాతి కథానాయికలకు దొరికింది తక్కువ.

1970ల నుంచి ఒక విచిత్రమైన పంపకం జరిగింది. ఒంపులున్న శరీరం క్లబ్బు పాటకు వెళ్ళింది, ఆ శరీరం మీద సిగ్గు లేనిదన్న ముద్ర కూడా వేశారు. జ్యోతిలక్ష్మి, జయమాలిని, ఆ తర్వాత ఏలూరు ప్రాంతం నుంచి వెళ్ళిన సిల్క్ స్మిత. ప్రేక్షకులు వాళ్ళ కోసమే టిక్కెట్టు కొని, కథలో వాళ్ళ ఓటమిని కోరుకున్నారు. ఒంపుకు లావుతోనే కాదు, శీలంతో కూడా లంకె పెట్టిన కాలం అది. ఆ లంకె ఇంకా తెగలేదు. ఒకే జాకెట్టు సన్నగా ఉన్న అమ్మాయి వేసుకుంటే ఫ్యాషన్, నిండుగా ఉన్న అమ్మాయి వేసుకుంటే “కాస్త చూసుకోవాలి కదా” అనిపించుకుంటుంది.

2006 తర్వాత నడుము చిక్కడం మొదలైంది. ఇలియానా నటించిన ‘దేవదాసు’, ‘పోకిరి’ ఆ ఏడాదే వచ్చాయి, పత్రికలన్నీ నడుము గురించే రాశాయి. 2008లో హిందీ చిత్రం ‘తషన్’ కోసం కరీనా కపూర్ తగ్గడంతో ‘సైజ్ జీరో’ అనే మాట జిల్లా కేంద్రాల జిమ్ముల గోడల మీదికి దిగింది. మగవాళ్ళు తప్పించుకున్నారని అనుకోకండి. 2007లో ‘దేశముదురు’తో ఆరు పలకల పొట్ట తెలుగు తెరకెక్కింది, హాస్యనటుడిగా పేరున్న సునీల్ కూడా 2012 నాటికి ‘పూల రంగడు’ కోసం ఆ దారే పట్టారు. అయితే మగవాడి కొలత మోటుతనం వైపు పోతుంది, ఒంపు వైపు కాదు. అది వేరే వ్యాసానికి సరిపోయే సంగతి.

2015లో అనుష్క శెట్టి ‘సైజ్ జీరో’ కోసం నిజంగానే బరువు పెరిగారు. బొద్దుగా ఉన్న అమ్మాయి తరఫున, మోసకారి బరువు తగ్గింపు క్లినిక్కుకు ఎదురుగా మాట్లాడిన కథ అది. కథ బయట జరిగిన చర్చ మాత్రం ఎన్ని కిలోలు పెరిగారు, ఎప్పటికి తగ్గుతారు అన్న రెండు ప్రశ్నల చుట్టూనే తిరిగింది. సినిమా చెప్పిన నీతిని ప్రచారం ఎంత సునాయాసంగా మింగేయగలదో తెలుసుకోవాలంటే ఆ సంవత్సరపు వార్తలు తిరగేస్తే చాలు.

పాశ్చాత్యుల దగ్గరేదో స్థిరమైన ప్రమాణం ఉందని, అది మన మీదికి దిగుమతి అయిందని అనుకోవడం కూడా పొరపాటే. 1950లలో అమెరికా పత్రికల నిండా ‘వేట్-ఆన్’ అనే మందు ప్రకటనలు వచ్చేవి. సన్నగా ఉన్నారని చిన్నబోతున్నారా, ఇది వాడి ఒళ్ళు చేయండి అని వాటి సారాంశం. పదేళ్ళు తిరక్కుండానే 1966లో లండన్‌లో ట్విగ్గీ అనే పుల్లలాంటి అమ్మాయి యుగానికే ముఖమైంది. మన పాఠకులకు అంతగా తెలియని పాత అధ్యాయం ఇంకొకటి ఉంది. 1810లో దక్షిణాఫ్రికా నుంచి సారా బార్ట్‌మన్ అనే ఖోయిఖోయి స్త్రీని లండన్ తీసుకెళ్ళి, ఆమె పిరుదుల పరిమాణాన్ని టిక్కెట్టు పెట్టి ప్రదర్శించారు. 1815లో ఆమె పారిస్‌లో చనిపోయాక శరీరాన్ని కోసి, అవశేషాలను మ్యూజియంలో పెట్టారు. అవి సొంత నేలకు చేరింది 2002లో. ఆమె చనిపోయిన కొన్ని దశాబ్దాలకు యూరప్ దొరసానులు గౌను వెనక చట్రం కట్టుకుని అదే ఆకారాన్ని తెచ్చిపెట్టుకున్నారు. నల్ల ఒంటి మీద వింత, తెల్ల ఒంటి మీద నాగరికత.

2010లలో ఆ ఆకారమే మళ్ళీ అమెరికా నుంచి ఫోన్ల ద్వారా ప్రపంచమంతా తిరిగింది. నడుము దగ్గరి కొవ్వును పీల్చి తీసి పిరుదుల్లోకి ఎక్కించే శస్త్రచికిత్సకు గిరాకీ పెరిగింది. కొవ్వు పొరపాటున పెద్ద రక్తనాళంలోకి పోతే ప్రాణం పోతుంది. ప్రతి మూడు వేల మందిలో ఒకరు చనిపోయే ప్రమాదం ఉండవచ్చని ప్లాస్టిక్ సర్జన్ల సంఘాలే 2018లో హెచ్చరించాయి. ఒంట్లో ఒకచోట నేరమైన పదార్థం, ఒక జానెడు కిందికి జరిపితే అలంకారం. నేను మొదట్లో చెప్పిన మాటకు ఇంతకన్నా సూటి సాక్ష్యం దొరకదు.

ఇదంతా సంస్కృతి కాదు, జీవశాస్త్రం అనేవాళ్ళున్నారు. టెక్సస్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన దేవేంద్ర సింగ్ 1993లో చెప్పిన సిద్ధాంతం వాళ్ళ ఆయుధం. నడుము కొలతను తుంటి కొలతతో భాగిస్తే 0.7 వచ్చే ఆకారాన్నే మగవాళ్ళు మెచ్చుతారని, బరువు ఎంతైనా ఆ నిష్పత్తి మారదని, సంతాన సామర్థ్యానికి అది గుర్తని ఆయన వాదన. అయిదేళ్ళ తర్వాత ఇద్దరు పరిశోధకులు పెరూ అడవుల్లో, బయటి ప్రపంచపు బొమ్మలు చేరని మత్సిగెంకా గ్రామంలో అవే చిత్రాలు చూపించారు. నడుము సన్నగా ఉన్న బొమ్మలను వాళ్ళు మెచ్చలేదు, ఆమె జబ్బు చేసి చిక్కినట్టుందని కూడా అనుకున్నారు. పట్నాలకు దగ్గరగా ఉన్నకొద్దీ జవాబులు అమెరికావాళ్ళ జవాబులకు దగ్గరయ్యాయి. 0.7లో బొత్తిగా పస లేదని నేను అనను. అయితే ప్రపంచంలో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు అనేముందు, వాళ్ళ ఇంట్లో టీవీ ఉందా అని చూడటం మంచిది.

అసలు ముడి ఆరోగ్యం దగ్గర పడింది. అందం గురించి మాట్లాడుతున్నప్పుడు “అబ్బే, నేనన్నది ఆరోగ్యం కోసం” అని జారుకోవడం ఇప్పుడు అందరికీ అలవాటైంది. దాన్ని విడదీసి చూడాలి.

ఎత్తూ బరువూ కలిపి చెప్పే బీఎంఐ సూత్రం 1830లలో బెల్జియం గణిత శాస్త్రజ్ఞుడు కెట్లే వేసినది. సగటు మనిషి ఎలా ఉంటాడన్నది ఆయన ఆసక్తి, రోగం కాదు. దానికి ఆ పేరు పెట్టి వాడుకలోకి తెచ్చింది 1972లో అమెరికా శాస్త్రవేత్త ఏన్సెల్ కీస్. 1998లో అక్కడి ప్రభుత్వ సంస్థ అధిక బరువు గీతను 27కు పై నుంచి 25కు దించగానే, ఒక్క గ్రాము కూడా పెరగకుండా కోట్లమంది రాత్రికి రాత్రి లావైపోయారు. భారతీయులకు గీత ఇంకా కింద ఉంది. 2009లో మన వైద్య నిపుణులు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని నిర్ణయించారు. 155 సెంటీమీటర్ల ఎత్తున్న ఒకామెకు లెక్క వేద్దాం. గుంటూరులో 55 కిలోలు దాటితే అధిక బరువు, 60 దాటితే ఊబకాయం. ఆమే డాలస్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తే, అక్కడి సాధారణ పట్టిక ప్రకారం 60 దాకా మామూలు మనిషి, 72 దాటితే గాని ఊబకాయం కాదు.

ఈ తేడా వెనక పక్షపాతం లేదు, గట్టి కారణమే ఉంది. 2004లో ‘లాన్సెట్’ పత్రికలో ఒక ఫొటో వచ్చింది. పక్కపక్కన ఇద్దరు వైద్యులు, ఒకరు బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్, మరొకరు పుణేకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్. ఇద్దరి బీఎంఐ 22.3. చూడటానికి ఇద్దరూ మామూలుగానే ఉన్నారు. కానీ ఒంట్లో కొవ్వు బ్రిటన్ వైద్యుడికి 9.1 శాతం, మన వైద్యుడికి 21.2 శాతం. సన్నగా కనిపించే భారతీయుడి పొట్టలో, కాలేయం చుట్టూ కొవ్వు దాగి ఉంటుంది. మధుమేహం మన ఇళ్ళలో ఇంత తొందరగా, ఇంత తక్కువ బరువుకే రావడానికి అదొక కారణం. తుంటి, తొడల దగ్గర చేరే కొవ్వు దానితో పోలిస్తే నిరపాయకరం.

అంటే వైద్యం కూడా ఎంత కన్నా ఎక్కడ అన్నదానికే ఎక్కువ విలువ ఇస్తోంది. నడుమే లేదన్న కవులకు ముందే తెలుసన్నమాట అని ఎవరైనా ఉబ్బిపోవచ్చు. తొందరపడకండి. భారతీయ స్త్రీకి వైద్యులు పెట్టిన హద్దు 80 సెంటీమీటర్ల నడుము, అంటే ముప్ఫై ఒకటిన్నర అంగుళాలు. అందాల పోటీల కాలం నుంచి మనకు కంఠతా వచ్చిన 36–24–36లో నడుము 24. ఈ రెండింటి మధ్య ఏడున్నర అంగుళాలున్నాయి. ఆ మేరలో ఉన్న ఒంటితో డాక్టరుకు ఇబ్బంది లేదు. ఇబ్బంది పడేది మిగతా అందరూ. బెల్టులు, పొడులు, ముప్ఫై రోజుల సవాళ్ళు, పెళ్ళికి ముందు ప్యాకేజీలు అమ్ముడుపోయేది ప్రధానంగా ఆ ఏడున్నర అంగుళాల్లోనే. 31 అంగుళాల నడుమున్న అమ్మాయితో ఎవరైనా ఆరోగ్యం కోసం తగ్గమని అంటే, అది ఆరోగ్యం గురించి కాదని ధైర్యంగా చెప్పవచ్చు. 38 అంగుళాల నడుమును ఒంపు అని ముద్దుగా పిలిచి చక్కెర పరీక్ష వాయిదా వేసుకుంటే, అది ఆత్మగౌరవమూ కాదు. శరీరాన్ని ఉన్నదున్నట్టు ప్రేమించమనే ఉద్యమం మీద నాకు గౌరవం ఉంది. అది ఈ రెండో మాట కూడా అంతే గట్టిగా చెబితే ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు సూది మందుల వంతు. మధుమేహం కోసం వచ్చిన సెమాగ్లుటైడ్ ఆకలిని అణచి, ప్రధాన పరీక్షలో 68 వారాల్లో సగటున 15 శాతం దాకా బరువు తగ్గించింది. మన మార్కెట్లోకి 2025 మార్చిలో అదే కోవకు చెందిన మరో మందు మౌంజారో, జూన్‌లో సెమాగ్లుటైడే వెగోవీ పేరుతో వచ్చాయి. సెమాగ్లుటైడ్ పేటెంట్ గడువు మన దేశంలో 2026 మార్చితో ముగుస్తుందని తెలిసి, చవక రూపాల తయారీకి ముందునుంచే సిద్ధపడిన కంపెనీల్లో హైదరాబాదువీ ఉన్నాయి. చక్కెర అదుపులో లేనివారికి, మోకాళ్ళు అరిగి నడవలేనివారికి ఇది నిజంగా వరం. ఆ పక్కనే, పదేళ్ళుగా ఒంపుల్ని పొగిడిన అమెరికా తారలే ఒకరి తర్వాత ఒకరు చిక్కిపోయి కనిపిస్తున్నారు. సన్నదనం మళ్ళీ తిరిగి వస్తోంది, ఈసారి వారం వారం చీటీ రాయించుకుని.

ధర దిగి వచ్చేకొద్దీ సన్నదనం కూడా ఎవరికైనా రాగలిగినదే అవుతుంది. ఒళ్ళుకు పట్టిన గతి దానికీ పడుతుందా అన్నది చూడాలి. ఈలోగా ఈ మందుకు ఒక పరిమితి బయటపడింది. ఎక్కడ తగ్గాలో దానికి చెప్పే వీలు లేదు. పొట్టతో పాటు బుగ్గలు పోతాయి, కండ కూడా కొంత కరుగుతుంది, మెడ దగ్గర చర్మం వేలాడుతుంది. అందుకని మొహం పీక్కుపోయినవారికి, తొడలోంచో పొట్టలోంచో మిగిలిన కొవ్వు తీసి బుగ్గల్లోకి ఎక్కించే పని సౌందర్య క్లినిక్కులకు కొత్తగా దొరికింది.